నాలుగో ప్రశ్న, తొమ్మిదో ప్రశ్న

తాడేపల్లిగూడెంలో స్టీలు సామాన్ల కొట్టు మీది మేడగదే ప్రాజెక్టు ఆఫీసు. శుక్రవారం మధ్యాహ్నం సూపర్‌వైజరు గిరిధర్ ముప్పై రెండు ఫారాలు బల్ల మీద పేకముక్కల్లా పరిచి, వాటి వంక ఒకసారి, ఎదురుగా కూర్చున్న వీరదుర్గ వంక ఒకసారి చూశాడు.

"ఒక్కమాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. నాలుగో ప్రశ్న చదవండి."

వీరదుర్గ చదివింది. "పిల్లల కోసం ఆసుపత్రిలో తయారుచేసిన పిండాల్లో మిగిలిపోయినవాటి నుంచి కణాలు తీసి, వాటితో జబ్బులకు వైద్యం చేయడం తప్పు కాదు."

"కొల్లేటికోటలో ముప్పై ఇద్దరూ ఏమన్నారు?"

"పూర్తిగా ఒప్పుకుంటాం అన్నారండి."

"ఇప్పుడు తొమ్మిది చదవండి."

"అలా మిగిలిన పిండాల నుంచి కణాలు తీయడం తప్పు."

"దానికి?"

వీరదుర్గ ఫారం కిందికి దించింది. "దానికీ... పూర్తిగా ఒప్పుకుంటామనే అన్నారండి."

కింద కొట్టులో ఎవరో బిందె కొనబోతూ వేలితో టంగుమనిపించి చూసుకున్నారు. గిరిధర్ ఆ మోత ఆగేదాకా ఆగాడు.

"ఒకే మనిషి తప్పనీ తప్పు కాదనీ ఎలా అంటాడండీ? పోనీ ఒకరిద్దరంటే సరే. ముప్పై ఇద్దరూనా? మీరు ఊళ్ళోకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టారని నేను అనడం లేదండి. పైవాళ్ళు అంటారు. పైవాళ్ళు అనకముందే నేను కనిపెట్టి రాయాలి, నా ఉద్యోగం అది. బుధవారం దాకా చూస్తాను. ఆ పైన మీ పేరు ఎదురుగా ‘క్షేత్రంలోకి వెళ్ళలేదు’ అని రాయక తప్పదు."

అంత కటువైన మాటను అంత మెత్తగా చెప్పేసరికి వీరదుర్గకు ఏడవడానికి కూడా వీలు చిక్కలేదు. "అలాగేనండి" అని ఫారాలు సర్దుకుని స్టేషనుకు నడిచింది.

ఆమెది భీమడోలు. తండ్రి అక్కడి రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. ఆ ఇంటి నుంచి డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి వీరదుర్గ. బయోటెక్నాలజీ చదివింది. ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పిండ మూలకణాల చికిత్స గురించి మామూలు జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఈ సర్వే చేయిస్తున్నారు. అందులో ఆమెకు ఆరు నెలల పని దొరికింది. "మా అమ్మాయిది జనం మనసులో మాట కనుక్కునే ఉద్యోగం" అని తండ్రి మిల్లులో ప్రతి బస్తా దించినప్పుడూ ఒకరికి చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ జనం దగ్గరికే వెళ్ళలేదని కాగితం మీద రాస్తే, ఆ రాత ఉద్యోగంతో పోదు. ఇంకెక్కడ పనికి వెళ్ళినా ఆమె కంటే ముందే అక్కడికి చేరుతుంది.

శనివారం పొద్దున్నే ఏలూరు వెళ్ళి అక్కణ్ణుంచి బస్సెక్కి కొల్లేటికోట చేరింది. దారికి రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద కొంగలు. నేరుగా సుందరమ్మ ఇంటికి వెళ్ళింది. ముప్పై రెండు ఫారాల్లో మొదటిది ఆవిడదే.

సుందరమ్మ పందిరి కింద చిరిగిన వల బాగుచేసుకుంటోంది. యాభై దాటిన మనిషి. గొంతు మాత్రం గట్టు అవతలికి వినపడుతుంది.

"మళ్ళీ వచ్చావేంటి అమ్మాయ్? నేను మొన్న ఏమన్నా తప్పు చెప్పానా?"

"తప్పు కాదండి. మీరు రెండు వైపులా చెప్పారండి సుందరమ్మగారూ. నాలుగుకీ సరే అన్నారు, తొమ్మిదికీ సరే అన్నారు."

"నువ్వు చదువుతుంటే రెండూ బాగానే ఉన్నాయి మరి! ఎండన పడి, చెమటలు కక్కుకుంటూ వచ్చిన పిల్లవి. కాదంటే నీ మొహం చిన్నబోదూ?"

"నా మొహం సంగతి కాదండి, మీ మనసులో మాట కావాలండి."

"మనసులో మాటకేం వచ్చె! నీకేది కావాలో చెప్పు, అదే నా మాట అని రాసేసుకో."

వీరదుర్గ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. సుందరమ్మ ఆ మొహం చూసి, వల పక్కన పడేసి, లోపలికి వెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చింది.

"ముందు ఇది తాగు. తాగి, ఆ కాగితం పక్కన పెట్టి, అసలు సంగతేంటో నోటితో చెప్పు. మొన్న సగం నాకు అర్థం కాలేదు."

"అర్థం కాలేదని అప్పుడే అనొచ్చు కదండీ?"

"అంటే నీకు చెప్పడం రాలేదన్నట్టు ఉండదూ? చదువుకున్న పిల్లని అంతమాట అంటానా?"

వీరదుర్గకు నవ్వు వచ్చింది. మజ్జిగ తాగి, కాగితం చూడకుండా చెప్పింది. పిల్లలు లేనివాళ్ళకు ఆసుపత్రిలో ఆడమనిషి అండాన్నీ మగమనిషి బీజాన్నీ గాజు గిన్నెలో కలిపి పిండాలు తయారుచేస్తారు. కావలసింది కడుపులో పెట్టగా కొన్ని మిగిలిపోతాయి. వాటిని మంచుకంటే చల్లగా దాస్తారు. ఐదు రోజుల పిండం సూదిమొన అంత ఉంటుంది. అందులోంచి కణాలు తీసి పెంచితే, అవి శరీరంలో ఏ భాగంగానైనా మారగలవు. చెడిపోయిన కంటిపొర బాగుచేయడానికో, చక్కెర జబ్బుకో పనికొస్తాయేమోనని ప్రయోగాలు జరుగుతున్నాయి. కానీ కణాలు తీస్తే ఆ పిండం ఇక ఉండదు.

అంతలో సుందరమ్మ భర్త నాని మోకాళ్ళ దాకా బురదతో చెరువు మీంచి వచ్చాడు. వీరదుర్గ ఒళ్ళో ఫైలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "గట్లు కొలిచి కొట్టించడానికా?"

"నీ గట్లు ఎవడికి కావాలయ్యా! మొన్నటి అమ్మాయే. ఆసుపత్రిలో మిగిలిపోయిన పిండాలు వైద్యానికి వాడొచ్చా అని అడుగుతుంది."

గండం గడిచినవాడిలా నాని అరుగు మీద కూర్చున్నాడు. జవాబు వీరదుర్గకు చెప్పలేదు, భార్యకు చెప్పాడు. "దానికింత ఆలోచనేంటే? మన నర్సరీ చెరువుకి హేచరీ నుంచి చీమతలంత చేపపిల్లల స్పాను సంచి వస్తే ఏం చేస్తాం? గిన్నెతో కొలిచి చెరువులో వదులుతాం. ఆ గిన్నెలో ఎన్ని కళ్ళున్నాయో బ్రహ్మకి తెలీదు. పెరిగి వేలెడు పిల్లయ్యాక కదా ‘లాభం, రెండు, మూడు’ అని లెక్కెట్టేది? లెక్కలోకి రానిదాన్ని వాడుకుంటే తప్పేంటి?"

ఆ వైపు ఏది లెక్కపెట్టినా ఒకటి అనరు. మొదటిది ఎప్పుడూ లాభమే.

సుందరమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "లెక్కలోకి రాదంట! మొన్న వానలకి ముందు ఆ గిన్నె నా చేతిలోంచి జారి గట్టు మీద ఒలికితే ఊరంతా వినేలా అరిచావే! ‘ప్రాణాలే, ప్రాణాలు’ అన్నది ఎవరు? మీ తాతా?"

"అది నష్టం వచ్చిందని అరిచాను."

"అబద్ధం! తామరాకు కోసుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కోదాన్నీ ఎత్తబోయావు. నష్టం కోసం ఎవడన్నా ఆకుతో ఎత్తుతాడా?"

నాని బురద గోక్కున్నాడు. కాసేపటికి కొత్త దారి దొరికింది. "ఒలకబోయడం వేరు, మిగిలిపోవడం వేరు. చెరువుకి సరిపడా వదిలేశాక సంచిలో ఇంకో గిన్నెడు మిగిలింది. ఏం చేస్తావు?"

"పక్క చెరువుకిస్తాను."

"పక్కవాడూ వద్దన్నాడు."

సుందరమ్మ కాలవ వైపు చూసింది.

"కాలవలో పోస్తావు. కొంగలు తింటాయి. కొంగ తినేబదులు ఒక మనిషి కళ్ళకి పనికొస్తే నీకేం బాధ?"

"బాధ లేదు. కానీ అడగాలి కదా! ఆ పిండం ఏ ఆడదానిదో ఆవిణ్ణి అడగాలా వద్దా?" అని సుందరమ్మ గిర్రున వీరదుర్గ వైపు తిరిగింది. "అడుగుతారా అమ్మాయ్?"

"అడిగి సంతకం తీసుకోవాలండి. చట్టం ఉందండి."

"ఎలా అడుగుతారు? తెల్లకోటు వేసుకున్న పెద్దడాక్టరు కాగితం పెట్టి ‘ఇక్కడ చెయ్యమ్మా’ అంటే కాదని ఎవరంటారు? మొన్న నువ్వు అడిగావు, నేను సరే అన్నాను. అలాంటి సరేనా అది?"

వీరదుర్గ కలం తీసింది. నాలుగేళ్ళ చదువులో ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఫారంలో పన్నెండు ప్రశ్నలున్నాయి, ఇది వాటిలోనూ లేదు. ఫారం వెనక్కి తిప్పి గబగబా రాసుకుంది.

ఈ గొడవ విని పక్కింటి ప్రహరీ మీదుగా సీమోను తల కనిపించింది. సీమోను చర్చిలో సంఘపెద్ద. "పిల్లలిచ్చేది దేవుడు. గిన్నెలో ఉన్నా కడుపులో ఉన్నా ఆయన సొత్తే. మనిషి చెయ్యి పెట్టకూడదు. రాసుకోమ్మా" అన్నాడు.

"మొన్న రెండిటికీ సరేనన్నారు కదండీ?" అంది వీరదుర్గ.

"మొన్న నువ్వు ఒక్కదానివే ఉన్నావు. ఒంటరి ఆడపిల్లతో వాదన ఏంటని ఊరుకున్నాను. ఇప్పుడు ఈ నాని ఉన్నాడుగా."

"సీమోనన్నా, రేపు మీ రాహేలు కళ్ళకి ఇదే మందని తేలితే?" అంది సుందరమ్మ.

సీమోను భార్య రాహేలుకు పదేళ్ళుగా చక్కెర జబ్బు. ఏడాదిగా చూపు మసక. సీమోను గొంతు సగానికి పడిపోయింది. "అది వేరే సంగతి."

"ఎలా వేరు?"

"ప్రార్థన చేసి చెబుతాను."

ప్రహరీ వెనక నుంచి ఆడగొంతు వచ్చింది. "కళ్ళు నావి, ప్రార్థన ఆయనది. నన్నెవరూ అడగరా?"

రాహేలు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి నిలబడింది. వీరదుర్గ లేచి దగ్గరికి వెళ్ళింది. "మీరు చెప్పండి రాహేలుగారూ."

"ముందు నువ్వు చెప్పు. ఆ మందు వచ్చిందా?"

"రాలేదండి. ఇంకా ప్రయోగాలే. ఇప్పుడే ఇస్తామని ఎవరైనా బోర్డు పెడితే నమ్మకండి."

"అయితే ‘రాహేలు ఆలోచిస్తోంది’ అని రాసుకో."

"ఆ గడి లేదండి."

"లేకపోతే గీసుకో."

వీరదుర్గ గీసుకుంది. గీస్తుండగా తన పొరపాటు తెలిసొచ్చింది. ఈ ఊళ్ళో ఇంటికొచ్చిన మనిషిని కాదనరు. ఒంటరిగా కూర్చోబెట్టి అడిగినంతకాలం ఆ మనిషికి తను అతిథే, అతిథికి మజ్జిగ ఇచ్చినట్టే ఒప్పుకోలూ ఇస్తారు. ఒకరినొకరు కాదనడానికి మాత్రం ఎవరికీ మొహమాటం లేదు.

ఇక ఆ రోజూ, ఆదివారమూ ఆమె ఎవరినీ ఒంటరిగా అడగలేదు. తోడికోడళ్ళను కలిపి అడిగింది. ఒకే పడవలో ముప్పై ఏళ్ళు చేపలు పట్టి, ఇప్పుడు మాటలు లేని ఇద్దరు ముసలాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టింది. వాళ్ళు తొమ్మిదో ప్రశ్న మీద మళ్ళీ మాట్లాడుకున్నారు, తిట్టుకోవడానికే అయినా. పెద్దింట్లమ్మ గుడి దగ్గర ఐసు లారీ ఆపుకున్న డ్రైవరు మీరావలికి పక్కన ఎవరూ లేరు. ఏలూరులో బట్టలు కుట్టే భార్య సకీనాకు ఫోను చేసి, సంగతంతా చెప్పి, స్పీకరు పెట్టాడు.

"మిగిలినవే కదా, వాడుకోవచ్చులే అంటున్నాను. ఏవంటావు?"

"మీరు అనేశాక నన్నడగడం ఎందుకండీ?" అంది ఫోనులో సకీనా. "నూట ఇరవై రోజులకి గానీ అందులోకి ప్రాణం రాదని పెద్దలు చెప్పగా విన్నాను. ఐదు రోజులంటే తప్పు లేదేమో. కానీ అమ్ముకుంటే మాత్రం తప్పే. మిగిలిన గుడ్డముక్క కూడా నేను మనిషినడక్కుండా వాడను. అది రాయించండి."

"మిగిలిన గుడ్డముక్కలతో నాకు దిండు కుట్టావుగా?"

"అడిగే కుట్టాను!"

బుధవారం గిరిధర్ ఆ ఫారాలు చదువుతుంటే బల్ల మీద టీ చల్లారిపోయింది. వెనక రాసినవి కూడా చదివాడు. కొంగల దగ్గర ఒకసారి నవ్వాడు. సుందరమ్మ డాక్టరు గురించి అడిగినది రెండుసార్లు చదివాడు. తర్వాత నవ్వలేదు.

"ఇవి నిజంగా ఊళ్ళోంచి వచ్చినవేనండి. తెలుస్తూనే ఉంది. కానీ ఏం చేయను? ఒక్కొక్కరినే, పక్కన ఇంకొకరు లేకుండా అడగాలని నియమం. మీరేమో ప్రతి ఫారం మీదా ‘ఇద్దరినీ కలిపి అడిగాను’ అని స్వయంగా రాసి పెట్టారు."

"అలాగే అడిగానండి. అందుకే రాశానండి."

"రేపు నేనే వస్తాను. నియమం ప్రకారం నేనే అడుగుతాను. మీరు దూరంగా ఉండండి."

గురువారం ఆమె కొల్లేటికోటలో బస్సు ఆగే చోట నిలబడింది. గిరిధర్ ఇస్త్రీ చొక్కాతో, కొత్త ఫారాలతో ఊళ్ళోకి వెళ్ళాడు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు. చెయ్యి కడుక్కున్నా చేపల పులుసు వాసన పోలేదు. వచ్చి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు.

"ఎంతమందిని అడిగారండీ?"

"ఐదుగురిని. ఐదుగురూ పన్నెండు ప్రశ్నలకీ పూర్తిగా ఒప్పుకున్నారు. సీమోనుగారైతే నేను చదవకముందే ఒప్పుకున్నారు." ఫారాలు మోకాలి మీద తట్టుకున్నాడు. "ఇవి పైకి పంపితే నేను కూడా ఊళ్ళోకి వెళ్ళలేదనే అంటారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక గిరిధర్ గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దామండి. మీ ఫారాలే పంపుదాం. జవాబులు నిజమైనవి కాబట్టి ఇబ్బంది లేదు. ‘ఇద్దరినీ కలిపి’ అన్న ముక్క కొట్టేసి, విడివిడిగా అడిగినట్టు చిన్న టిక్కు పెట్టండి. మీ పేరుకి ఏ మచ్చా రాదు. నేనూ సంతకం చేస్తాను."

వీరదుర్గకు కావలసింది అదే. అంతకంటే సులువుగా, మర్యాదగా ఆమెను ఎవరూ గట్టెక్కించలేరు. నోటిదాకా వచ్చిన ‘అలాగేనండి’ అక్కడే ఆగింది. మొన్న డాక్టరు గురించి సుందరమ్మ అడిగింది ఇలాంటి ‘సరే’ గురించే.

"పెట్టనండి."

"ఏవండీ?"

"నేను పెట్టనండి. వాళ్ళు ఎలా చెప్పారో కూడా జవాబులో భాగమేనండి. ఒంటరిగా అడిగితే ఈ ఊరు సరేనంటుంది. రేపు ఏ ఆసుపత్రిలోనైనా ఇలాగే ఒంటరిగా అడిగి సంతకం తీసుకుంటే, ఆ సంతకమూ ఇలాగే ఉంటుంది. ఆ ముక్క కొట్టేస్తే ఇది తెలుసుకునే దారే ఉండదు."

"మీ ఉద్యోగం పోతుందండీ!"

"పోతే పోనివ్వండి. టిక్కు మాత్రం పెట్టనండి."

"ఎంత మొండివారండీ మీరు! మీ మంచికే కదా చెబుతున్నాను?"

"నా మంచికని అబద్ధం ఎందుకండీ?"

మెత్తగా మొదలైన మాటలు గట్టు అవతలికి వినపడేంతగా పెరిగాయి. సుందరమ్మ వల పట్టుకునే వచ్చేసింది. నాని వచ్చాడు. సీమోను భార్యను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. అందరూ కల్వర్టు చుట్టూ చేరి, ఊరికి వచ్చిన ఇద్దరు అధికారులూ పోట్లాడుకోవడం ఎంతో ఇష్టంగా చూశారు.

"ఏవయ్యా గిరిధర్‌గారూ, పిల్ల చెప్పేది నిజమే కదా!" అంది సుందరమ్మ.

"మరి మీరు ఇందాక నాతో అన్నిటికీ అవునన్నారేవండీ?"

"పులుసు తింటున్న మనిషితో ఏం వాదిస్తాం బాబూ?"

గిరిధర్ చేతిలో ఫారాల వంక చూసుకున్నాడు. చివరికి ఒక ఫారం వెనక్కి తిప్పి, జేబులోంచి కలం తీశాడు. "సరేనండి. టిక్కు వద్దు. పైవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు ఉత్తరం రాస్తాను. నేను అడిగిన ఐదూ, మీరు అడిగినవీ, రెండు కట్టలూ జత చేస్తాను. రెండిటికీ తేడా ఏమిటో వాళ్ళే చూసుకుంటారు. ఆ పైన ఉద్యోగం మీదైనా నాదైనా వాళ్ళ దయ."

రాయడం మొదలుపెట్టాడు. రాసిన వాక్యం రాసినట్టు పైకి చదవడం అతని పొరపాటు. ‘ఈ గ్రామస్థులు అమాయకులు’ అని చదివితే నాని ఒప్పుకోలేదు, కొట్టేశాడు. ‘మొహమాటస్తులు’ అంటే సుందరమ్మ ఒప్పుకోలేదు. మొహమాటం కాదు, మర్యాద అంది. అదీ దిద్దాడు. ‘చాలామంది చికిత్సకు అనుకూలం’ అంటే సీమోను చాలామంది అంటే ఎంతమందని నిలదీశాడు. రాహేలు తన గడి ఉత్తరంలో ఉందో లేదో రెండుసార్లు చదివించుకుంది.

బస్సు వచ్చేసరికి కొట్టివేతల మధ్య నాలుగు వాక్యాలు మిగిలాయి. అన్నిటికంటే పైన గిరిధర్ ఇంకో వాక్యం ఇరికించి చదివాడు. "మా పరిశోధకురాలు వీరదుర్గ స్వయంగా ఈ గ్రామానికి వెళ్ళారని ధ్రువీకరిస్తున్నాను."

"అదీ తప్పే" అంది రాహేలు.

గిరిధర్ తల పట్టుకున్నాడు. "దీనిలో తప్పేముందండీ?"

"ఒకసారి వచ్చినట్టుంది అది. ఇవాళతో నాలుగుసార్లు వచ్చింది. అది రాయండి."

డ్రైవరు హారను కొడుతున్నాడు. గిరిధర్ ఆ మాట కొట్టేసి, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, సరిచేసి రాశాడు.